నిడదవోలు వార్తకు ఎన్ని లైన్లు?

0.42 సెంటీమీటరు. పాత రోజుల తెలుగు దినపత్రికలో 12 పాయింట్ల అక్షరాలతో పేర్చిన ఒక లైను పైనుంచి కిందికి తీసుకునే చోటు అంతే. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చిన కాలంలో పత్రికాఫీసులో ఎక్కువగా వినిపించిన మాటల్లో ఈ ‘లైను’ ఒకటి. కంపోజిటరు ఒక అర్థంలో, విలేఖరి ఇంకో అర్థంలో, బ్లాకులు తయారు చేసేవారు వేరొక అర్థంలో వాడేవారు. ఎవరు ఏ అర్థంలో అన్నా అందులో ఒక కొలత ఉండేది. చోటుకో, కాలానికో, డబ్బుకో అది కొలత.

నిడదవోలు లాంటి ఊరికి ఈ కొలతలన్నీ తగిలేవి. కలకత్తా, మద్రాసు ప్రధాన రైలు మార్గం మీద ఉన్న జంక్షన్ ఇది. భీమవరం, నర్సాపురం వైపు లైను ఇక్కడే చీలుతుంది. ఈ ఊళ్లో లైను అనగానే మొదట మనసుకు వచ్చేది రైలే. వార్త రాసే మనిషికి మాత్రం ఆ ఒక్క మాటలో ఎనిమిది లెక్కలు ఉండేవి.

• అచ్చు లైను: 12 పాయింట్లు, అంటే అంగుళంలో ఆరో వంతు.
• ట్రంకు లైను: 3 నిమిషాలకు ఒక లెక్క.
• టెలిప్రింటరు లైను: నిమిషానికి సుమారు 66 ఇంగ్లీషు మాటలు.
• రైలు లైను: మద్రాసు నుంచి దాదాపు 560 కిలోమీటర్లు.
• డెడ్‌లైను: ఆ రైలు బయలుదేరే సమయాన్ని బట్టి వెనక్కి లెక్కించిన గడువు.
• లైను అకౌంటు: అచ్చయినంత మేరకే డబ్బు.
• లైను బ్లాకు: నలుపు, తెలుపు తప్ప మధ్యరంగు లేని బొమ్మ.
• డేట్‌లైను: వార్త మొదట్లో ఊరి పేరు, తేదీ.

పాత పత్రికను చరిత్రకు ఆధారంగా చదివేవారికి ఈ ఎనిమిదీ తెలిసి ఉండాలి. తెలియకపోతే నాలుగు లైన్ల వార్తను చూసి, జరిగింది కూడా నాలుగు లైన్ల పాటి సంగతే అనుకుంటాం.

ఒక లైనులో మూడు మాటలు

అచ్చులో అంగుళానికి 72 పాయింట్లు. 12 పాయింట్లయితే ఒక పైకా ఎమ్. 12 ఎమ్‌ల కాలం (పేజీలోని నిలువు వరస) అంటే రెండంగుళాల వెడల్పు, 144 పాయింట్లు. 12 పాయింట్ల సైజులో తెలుగు అక్షరం సగటున 10 పాయింట్ల చోటు తీసుకుంటుందనుకుంటే లైనుకు పద్నాలుగు అక్షరాలు పడతాయి. తెలుగు మాట సగటున నాలుగక్షరాలనుకుని, మాటల మధ్య ఖాళీ కూడా కలుపుకుంటే లైనుకు మూడు మాటలు.

ఇంగ్లీషు పత్రికకు ఇంత ఇరుకు లేదు. 8 పాయింట్ల అక్షరం, దాని కింద ఒక పాయింటు ఖాళీ చాలు. అలా అంగుళానికి 8 లైన్లు వస్తాయి. తెలుగులో తలకట్టు, గుడి పైన ఉంటాయి, వత్తులు కింద వేలాడతాయి. అంత చిన్న సైజులో అవి కలిసిపోయి కళ్లకు ఆనవు. అందుకే 12 పాయింట్లు, అంగుళానికి 6 లైన్లు. ఇంగ్లీషులో 40 లైన్లు 5 అంగుళాల్లో సరిపోతే, తెలుగులో అవే 40 లైన్లకు 6.7 అంగుళాలు కావాలి. పేజీ పెద్దది కాదు కాబట్టి వార్తే చిన్నది కావాలి.

యంత్రం సాయమూ ఇంగ్లీషుకే ముందు దక్కింది. 1886లో అమెరికాలో వాడుకలోకి వచ్చిన లైనోటైపు యంత్రం ఒక లైను మొత్తాన్ని ఒకే సీసపు కడ్డీగా పోతపోసేది. పేరులోనే లైను ఉంది. దాని మీటలు 90. తెలుగు గుణింతాలకు, వత్తులకు వందల అచ్చులు కావాలి. కాబట్టి తెలుగు కంపోజిటరు అక్షరాల కేసు ముందు నిలబడి, ఒక్కో అక్షరం వేళ్లతో ఏరి, చేతిలోని స్టిక్కులో పేర్చుకుంటూ పోయాడు. అలా తయారైన ప్రతి లైను వెనుకా చేతి పని ఉంది. వార్త పొడవును నిర్ణయించినవాటిలో ఆ శ్రమ కూడా ఒకటి.

మండలానికి ఒక్క లైను కూడా రాని లెక్క

పెద్ద సైజు పత్రికలో పేజీకి 8 కాలాలు, ఒక్కో కాలం పొడవు 52 సెంటీమీటర్లు అనుకుందాం. మొత్తం 416 కాలం సెంటీమీటర్లు. ప్రకటనలు ఒక్కటీ లేకుండా, పేజీ అంతా జిల్లా వార్తలకే ఇచ్చారనుకుందాం.

1979లో విజయనగరం ఏర్పడ్డాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 23. 416ను 23తో భాగిస్తే జిల్లాకు 18 సెంటీమీటర్లు. 1985లో మండలాలు వచ్చాక పశ్చిమ గోదావరిలో 46 మండలాలు. నిడదవోలు అప్పుడు ఆ జిల్లాలోదే. 18ని 46తో భాగిస్తే మండలానికి 0.39 సెంటీమీటరు. ఒక లైనుకు కావలసింది 0.42.

అంటే సమానంగా పంచితే నిడదవోలు మండలానికి రోజుకు ఒక్క లైను కూడా రాదు. నిజానికి ఏ పత్రికా ఇలా సమానంగా పంచలేదు. ఒకరోజు ఏలూరు వార్త, ఇంకోరోజు భీమవరం వార్త, మధ్యలో ఎప్పుడో నిడదవోలు. ఒక ఊరి వార్త 20 లైన్లు వచ్చిందంటే, ఆరోజు ఇరవైకి పైగా మండలాలు తమ వాటా వదులుకున్నట్టు లెక్క.

ఈ లెక్కను తిరగరాసింది జిల్లా అనుబంధం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989 జనవరి 26 నుంచి జిల్లాకో టాబ్లాయిడ్‌ను విడిగా ఇవ్వడం ప్రారంభించింది. తర్వాత ఇతర పత్రికలూ ఆ దారి పట్టాయి. ఎనిమిది టాబ్లాయిడ్ పేజీలంటే నాలుగు పెద్ద పేజీలు, 1664 కాలం సెంటీమీటర్లు. దాన్ని 46 మండలాలకు పంచితే మండలానికి 36 సెంటీమీటర్లు, దాదాపు 85 లైన్లు. ప్రకటనలు సగం చోటు తీసుకున్నా నలభైకి పైగా మిగులుతాయి. కాలువకు నీళ్లు రాలేదన్న ఫిర్యాదుకు, బడి పైకప్పు కారుతోందన్న సంగతికి, ఊరి జాతరకు పత్రికలో చోటు దొరికింది ఈ అంకగణితం మారినందువల్లే.

“లైను దొరికిందా?”

అచ్చులో చోటున్నా వార్త అక్కడిదాకా చేరాలి. ఎస్టీడీ రాకముందు విలేఖరికి తొందర వార్త ఉంటే ట్రంకు కాల్ బుక్ చేసి కూర్చోవాలి. మామూలు కాల్, దానికి రెట్టింపు చార్జీతో అర్జంటు కాల్, అంతకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన లైట్నింగ్ కాల్. ఎక్స్ఛేంజి ఆపరేటరు పిలిచేదాకా కదలడానికి లేదు.

లైను కలిశాక లెక్క మూడు నిమిషాలు. అవతల డెస్కులో ఉన్నవారు చేత్తో రాసుకోవాలి. గట్టిగా, నెమ్మదిగా, పేర్లు రెండేసి సార్లు చెబుతూ పోతే నిమిషానికి 30 మాటలు అనుకుందాం. మూడు నిమిషాలకు 90 మాటలు. లైనుకు మూడు మాటల చొప్పున 30 అచ్చు లైన్లు, 5 అంగుళాలు. ఒక ట్రంకు కాల్ మోసుకెళ్లగలిగిన గరిష్ఠ వార్త అంతే. మధ్యలో గరగర వస్తే అందులోనూ కోత.

తంతి ఇంకో దారి. మాటకింత అని చెల్లించాలి, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. పత్రికల తంతులకు ప్రత్యేకంగా తక్కువ చార్జీలు ఉండేవి. నిడదవోలులో తెలుగులో జరిగింది ఇంగ్లీషు ముక్కలుగా మారి తంతి మీద వెళ్లి, డెస్కు మీద మళ్లీ తెలుగై అచ్చయ్యేది. దేశంలో తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. పత్రికలు దాన్ని అంతకు చాలా ముందే వదిలేశాయి.

పెద్ద వార్తలది వేరే లైను. 1949లో పని మొదలుపెట్టిన ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా టెలిప్రింటరు రాత్రీ పగలూ ఇంగ్లీషులో వార్తలు కొడుతూనే ఉండేది. 50 బాడ్ వేగంతో నిమిషానికి సుమారు 66 మాటలు. ఢిల్లీ నుంచి 400 మాటల వార్త ఆరు నిమిషాల్లో దిగేది. నిడదవోలు నుంచి 400 మాటలు ఫోనులో చెప్పాలంటే పైన చెప్పిన లెక్కన 13 నిమిషాలకు పైగా, అంటే ఐదు ట్రంకు కాల్స్. పాత పత్రిక మొదటి పేజీలో ఢిల్లీ అంత దగ్గరగా, గోదావరి గట్టు అంత దూరంగా కనిపించడానికి ఇది పెద్ద కారణం.

తొందర లేని వార్త కవరులో వెళ్లేది. టపాలోనో, రైలులోనో, తర్వాతి కాలంలో బస్సులోనో వేసేవారు. ఈ విషయంలో జంక్షన్ ఊరికి కొంత నయం. ప్రధాన మార్గం మీద బళ్లు ఎక్కువ కాబట్టి కవరుకు దారి త్వరగా దొరికేది.

560 నుంచి 22 కిలోమీటర్లకు

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. ఆంధ్రప్రభ 1938 ఆగస్టు 15న మద్రాసులోనే పుట్టింది. మద్రాసు నుంచి విజయవాడకు రైలు మార్గం 431 కిలోమీటర్లు. అక్కడి నుంచి నిడదవోలుకు ఇంకో 130లోపు. మొత్తం దాదాపు 560. రైలు సగటున గంటకు 50 కిలోమీటర్లు నడిచినా 11 గంటలు.

పొద్దున పత్రిక చేతిలో ఉండాలంటే ఆ 11 గంటలు వెనక్కి లెక్కపెట్టాలి. దూరపు ఊళ్లకు వెళ్లే ప్రతులను డాక్ ఎడిషన్ అనేవారు. ఎంత దూరం వెళ్లాలో దాన్నిబట్టే అది ముందుగా ముగిసేది. నగరంలో ఉన్నవారికి అర్ధరాత్రి దాకా జరిగింది అందేది, డెల్టాలో ఉన్నవారికి ముందటి సాయంత్రం దాకానే. తేదీ ఒకటే అయినా మద్రాసు పాఠకుడు చదివిన పత్రికా, నిడదవోలు పాఠకుడు చదివిన పత్రికా పూర్తిగా ఒకటి కావు.

డెడ్‌లైను అనే మాట అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో గీసిన గీత నుంచి వచ్చింది. అది దాటిన ఖైదీని కాల్చేసేవారు. పత్రికల్లో ఆ గీత గడియారం మీదికి వచ్చింది. తెలుగు పత్రికలకు ఆ గడియారాన్ని తిప్పింది రైల్వే టైంటేబుల్.

1960 జూలై 1న ఆంధ్రజ్యోతి విజయవాడలో మొదలైంది. విశాలాంధ్ర అక్కడ 1952 నుంచే ఉంది. నిడదవోలుకు అచ్చు యంత్రం 130 కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. అదే వేగంతో మూడు గంటల లోపు. తర్వాతి దశాబ్దాల్లో రాజమండ్రిలోనే ముద్రణ కేంద్రాలు వెలిశాయి. దూరం 22 కిలోమీటర్ల పాటి. 560 నుంచి 22 అంటే ఇరవై ఐదో వంతు. రాత్రి పదకొండుకు గోదావరి గట్టు మీద జరిగింది తెల్లారేసరికి నిడదవోలు టీకొట్టు దగ్గర చదవగలగడం ఈ తగ్గింపు ఇచ్చిన ఫలం.

స్కేలు పెట్టి కొలిచిన జీతం

ఊళ్లలో వార్తలు రాసేవారిలో చాలామందికి నెల జీతం లేదు. కంట్రిబ్యూటర్, స్ట్రింగర్ అన్న పేర్లతో పనిచేసేవారికి లైను అకౌంటే ఆదాయం. నెలంతా తమ వార్తలు వచ్చిన ముక్కలు కత్తిరించి, తెల్ల కాగితాల మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి, మొత్తం వేసి ఆఫీసుకు పంపాలి. పేరులో లైను ఉన్నా కొలిచేది కాలం సెంటీమీటర్లలో. పంపిన వార్తకు కాదు, అచ్చయిన వార్తకే డబ్బు. పది రాస్తే ఆరు వచ్చాయనుకోండి. మిగతా నాలుగింటికి తిరిగిన సైకిలు, పెట్టిన కవరు ఖర్చు తమదే.

కొలత ఎలా పనిచేసిందో చూడండి. మురుగుకాలువ పూడిపోయి వీధిలోకి నీళ్లు వస్తున్నాయన్న నాలుగు లైన్ల వార్త 1.7 సెంటీమీటర్లు. సభలో వక్తల పేర్లు, ఉపన్యాసాలు, వందన సమర్పణ కలిపి 60 లైన్ల వార్త 25 సెంటీమీటర్లు. రెండో దానికి పదిహేను రెట్లు డబ్బు. ఊరికి ఎక్కువ ఉపయోగపడింది మొదటిదే కావచ్చు, దానికోసం ఎక్కువ తిరిగిందీ ఉండవచ్చు. స్కేలుకు ఆ తేడా తెలియదు. పాత జిల్లా పేజీల్లో సభలు, సన్మానాలు ఎందుకు అంత పొడవుగా కనిపిస్తాయని అడిగేవారికి ఇది సమాధానంలో ఒక భాగం.

అంతటి ఇరుకులోనూ కాలువల మీద, బడుల మీద, ఆస్పత్రుల మీద నాలుగేసి లైన్లు పట్టు వదలకుండా పంపిన వారి వల్లే ఆ ఊళ్ల రోజువారీ బతుకు కాగితానికి ఎక్కింది. వారికి చాలాకాలం బైలైను, అంటే వార్తతో పాటు రాసినవారి పేరు, కూడా లేదు. ‘మా విలేఖరి’ అన్న రెండు మాటలే వారి సంతకం. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది, తర్వాత వేతన సంఘాలు వచ్చాయి. లైను అకౌంటు మీద బతికిన వారిలో ఎక్కువమందికి ఆ మేలు అందలేదు. తెలుగు పత్రికల విస్తరణ గురించి చెప్పేటప్పుడు యంత్రాలను, ఎడిషన్లను లెక్కపెడతాం. ఈ మనుషులను లెక్కలోకి తీసుకోకపోతే ఆ కథ సగమే.

చదరపు అంగుళానికి 4225 చుక్కలు

వార్తతో పాటు బొమ్మ వేయాలంటే బ్లాకు కావాలి. లైను బ్లాకు చవక, సులువు. గీతలతో వేసిన కార్టూను, పటం, సంతకం జింకు రేకు మీద చెక్కితే చాలు. నలుపు ఉంటుంది, లేదా ఉండదు. ఫొటోలో ముఖం మీది నీడ దానికి చిక్కదు. అందుకు హాఫ్‌టోన్ బ్లాకు. జాలీలాంటి తెర గుండా ఫొటో తీసి నీడలను చుక్కలుగా విడగొట్టాలి.

ఆ తెరనూ లైన్లలోనే కొలిచేవారు. ముతక న్యూస్‌ప్రింటుకు అంగుళానికి 65 లైన్ల తెర. నిలువు 65, అడ్డం 65, చదరపు అంగుళానికి 4225 చుక్కలు. నున్నని ఆర్టు కాగితానికి 133 లైన్ల తెర, 17,689 చుక్కలు. తర్వాత ఆఫ్‌సెట్ ముద్రణతో దినపత్రిక 85 లైన్లకు ఎదిగి, చదరపు అంగుళానికి 7225 చుక్కలు చూపగలిగింది.

నిడదవోలులో తీసిన ఫొటో ముందు కడిగించాలి, తర్వాత బ్లాకులు చేసే నగరానికి చేరాలి, అక్కడ బ్లాకు తయారు కావాలి. అప్పటికి వార్త పాతబడేది. పాత పత్రికల్లో చిన్న ఊళ్ల ఫొటోలు అరుదుగా కనిపించడానికి కారణం ఇదే. ఫొటో లేని ఘటన చిన్న ఘటన అనుకోవడానికి వీల్లేదు.

తేదీ ఎవరిది, ఊరు ఎక్కడిది?

డేట్‌లైను చిన్నదే, పొరపాటుకు మాత్రం పెద్ద చోటు. వార్తలో ‘నేడు’ అంటే డేట్‌లైను తేదీ. పత్రిక తేదీ కాదు. ఉదాహరణకు 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆ వరదలో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు పెరిగింది. ఆరోజు తేదీతో పంపిన వార్త 17నాటి పత్రికలో వస్తుంది, దారులు మునిగితే ఇంకా ఆలస్యంగా. వరద ఎప్పుడు ఎంతకు పెరిగిందో పత్రిక తేదీల్ని బట్టి పట్టిక వేస్తే ఒకటి రెండు రోజులు పక్కకు జరుగుతుంది.

ఊరి పేరు పక్కన జిల్లా ఉంటే ఇంకా జాగ్రత్త. నిడదవోలు 1859 తర్వాత గోదావరి జిల్లా, 1904 నుంచి కృష్ణా జిల్లా, 1925 నుంచి పశ్చిమ గోదావరి, 2022 నుంచి తూర్పు గోదావరి. ఊరు కదల్లేదు, నాలుగు జిల్లాలు మారింది. 1915నాటి నిడదవోలు వార్త కోసం పశ్చిమ గోదావరి పేరుతో వెతికితే దొరకదు. అలాగే విజయవాడను బెజవాడ అని, మచిలీపట్నాన్ని బందరు అని కూడా వెతకాలి.

లైనుకు అచ్చులో కనిపించని అర్థం ఇంకొకటి ఉంది. అది పత్రిక లైను, అంటే ఏ వైపు నిలబడి చూస్తోందన్నది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలాక విశాలాంధ్ర ఒక పక్షాన ఉండిపోయింది. రెండో పక్షానికి 1981లో ప్రజాశక్తి దినపత్రికగా వచ్చింది. ఒకే కూలీల సమ్మె గురించి రెండింటిలోనూ చదివితే ఏది ముందు చెప్పారో, ఏది వదిలారో తేడా తెలుస్తుంది. ఈ లైనును కొలవడానికి స్కేలు లేదు, పక్కపక్కన పెట్టి చదవడమే దారి.

పాత పత్రిక తెరిచేవారికి

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడుతున్నాయి. ప్రెస్ అకాడమీ చాలా సంచికలను డిజిటల్ రూపంలోకి తెచ్చింది. వాటిలో మీ ఊరి వార్త కనిపిస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. డేట్‌లైనుకూ పత్రిక తేదీకీ ఎన్ని రోజుల తేడా? అది నగరం ఎడిషనా, డాక్ ఎడిషనా? అదే రోజు అదే పేజీలో ఎన్ని ఊళ్లకు చోటు దక్కింది? ఇంకో పత్రికలో అదే వార్త ఎన్ని లైన్లు?

1989కి ముందు మండలానికి ఒక లైను కూడా రాని రోజుల్లో, అచ్చయిన ఆ నాలుగు లైన్లే ఊరికి మిగిలిన సాక్ష్యం. 1989 తర్వాత 85 లైన్లు రాగల చోటు జిల్లా అనుబంధాల్లో ఉంది. ప్రధాన సంచికను భద్రపరిచి, మధ్యలో పెట్టి ఇచ్చిన టాబ్లాయిడ్‌ను తూకానికి వేస్తే ఆ 85 లైన్లూ పోయినట్టే. గ్రంథాలయాలు వాటినీ కలిపి బైండు చేయాలి. లైను అకౌంటు కోసం కత్తిరించి అంటించిన కాగితాల కట్టలు ఏ పాత విలేఖరి ఇంట్లో ఉన్నా స్కాన్ చేసి గ్రంథాలయానికి ఇవ్వాలి. నిడదవోలు వంటి ఊరి గత యాభై ఏళ్ల చరిత్ర రాయాలంటే మొదట తెరవవలసిన దస్తావేజులు అవే.